పేర్రాజుగారి తీరని లోటు

మా ఊరి గ్రంథాలయంలో ప్రతి నెలా రెండో ఆదివారం సాహిత్య సభ జరుగుతుంది. వచ్చేది పన్నెండు మందిమి. అందరం రచయితలమే కాబట్టి వినేవాళ్లంటూ విడిగా ఎవరూ ఉండరు. పోయిన నెల కార్యదర్శిగారికి 'నా తొలి రచన' అనే అంశం తట్టింది. ఒక్కొక్కరూ లేచి పది నిమిషాలు మాట్లాడాలన్నారు. ఒకాయన ఎనిమిదో ఏటనే వాన మీద గేయం రాశానన్నాడు. ఇంకొకాయన తొలి కథ చదివి సంపాదకుడు భోజనం మానేశాడట. నా వంతు వచ్చేసరికి నేనూ ఎప్పుడూ చెప్పే అబద్ధమే చెప్పాను. ఒక వారపత్రికలో అచ్చయిన రెండు పేజీల కథ పేరు చెప్పి కూర్చున్నాను.

నిజానికి నలుగురి కంటా పడిన నా తొలి రచన ఒక సన్మాన పత్రం. దానికి ఫైలు నంబరుంది. దాన్ని పంతొమ్మిది మంది అధికారులు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. ఎర్ర సిరాతో గీతలు గీశారు. మార్జిన్లో అభిప్రాయాలు రాశారు. ఆ తర్వాత నలభై ఏళ్లలో అచ్చయిన నా ఇరవై మూడు కథలూ కలిపినా అంతమంది అంత శ్రద్ధగా చదివి ఉండరు. ఈ సంగతి సభలో చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ రచన వల్ల ఒకావిడకు అన్యాయం జరిగింది. చేసింది నేనే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తూముల పర్యవేక్షణ శాఖవారి జిల్లా ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. జిల్లాలో కాలవల మీద ఎన్ని తూములున్నాయో పై ఆఫీసుకు రాయడం మా శాఖ పని. తూములు పెరిగేవీ కావు, తరిగేవీ కావు. అయినా ప్రతి మూడు నెలలకూ రాసేవాళ్లం. పై ఆఫీసువాళ్లు ప్రతి మూడు నెలలకూ, "పోయినసారి కూడా ఇంతేనా?" అని అడిగేవాళ్లు.

మా హెడ్ క్లర్కు పేర్రాజుగారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. పదిన్నరకు రావలసిన మనిషి పదకొండుంబావుకు వచ్చి, కుర్చీ వీపుకు తువ్వాలు వేసి, వక్కపొడి నోట్లో పోసుకుని, వచ్చిన కాగితాల మీద వరసగా "చూశాను" అని రాసేవారు. చూసేవారు కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు, ఎవరికీ ఏ పనీ చేసేవారు కాదు. ఆయన చేయవలసిన పనంతా టైపిస్టు రత్నమాణిక్యంగారు చేసేవారు. జవాబులన్నీ ఆవిడే ఆలోచించి, ఆవిడే రాసి, ఆవిడే టైపు కొట్టి, సంతకానికి ఆయన ముందు పెట్టేవారు.

ఆవిడకు అప్పటికి యాభై ఆరు దాటాయి. ప్రమోషన్ లిస్టులో పదకొండేళ్లుగా మొదటి పేరు ఆవిడదే. పేర్రాజుగారు దిగితే తప్ప ఆవిడ ఎక్కడానికి కుర్చీ లేదు. ఆయన అక్టోబరులో రిటైరవుతున్నారు. ఆవిడకు ఆ తర్వాత పద్నాలుగు నెలల సర్వీసు మిగులుతుంది.

"పద్నాలుగు నెలలు చాలయ్యా సోమసుందరం" అన్నారావిడ నాతో ఒకరోజు, మిషను మీద గుడ్డ కప్పుతూ. "జీతం కోసం కాదు. నేను రాసినదాని కింద నా సంతకం ఉంటే చూసుకోవాలని. ఇన్నేళ్లూ రాసినవన్నీ ఆయన పేరు మీదే పోయినాయి కదా."

రాసేవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు అందరికంటే బాగా అర్థమైందని అప్పుడు అనుకున్నాను.

రిటైర్మెంటుకు వారం ముందు మా జిల్లా అధికారి సీతాపతిరావుగారు నన్ను గదిలోకి పిలిచారు. "ఏమోయ్, నువ్వేదో కవిత్వం రాస్తావటగా. పేర్రాజుగారికి సన్మాన పత్రం రాయి. ఘనంగా ఉండాలి. మన ఆఫీసు పరువు" అన్నారు.

అప్పటిదాకా నా కవిత్వం చదివినవాడు నా గదిలో నాతో ఉండే మిత్రుడొక్కడే. వాడు కూడా మానేసి మూడు నెలలైంది. ఇక్కడ నూటయాభై మంది వింటారు, పైగా అద్దం బిగించి గోడకు తగిలిస్తారు. రెండు రోజులు పేర్రాజుగారినే చూస్తూ కూర్చున్నాను. ఆయన గురించి రాయడానికి ఏమీ దొరకలేదు. ఇక లాభం లేదని లేనిది రాశాను.

"సూర్యోదయమునకు పూర్వమే కార్యాలయమునకు విచ్చేసెడి కర్మయోగీ! జిల్లాలోని ప్రతి తూమును కన్నబిడ్డవలె సాకిన కరుణామూర్తీ! మీ కలము కదిలిన చాలు, వరద గోదావరియే ఒదిగి నడిచెడిది. మీరు లేని లోటు ఈ కార్యాలయమునకు ఎన్నటికీ తీరనిది. మీ ఆసనమును అలంకరింపగలవారు నేడు లేరు, రేపు పుట్టబోరు!"

రత్నమాణిక్యంగారు టైపు కొడుతూ మొదటి వాక్యం దగ్గరే ఆగారు.

"సూర్యోదయానికి ముందే వచ్చేది ఎవరయ్యా?"

"పేర్రాజుగారండీ."

"ఓహో" అని మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. 'పుట్టబోరు' దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "బాగుందయ్యా. పాపం, ఆయన్ని ఎవరూ ఒక్క మంచి మాటైనా అనలేదు ఇన్నాళ్లూ. విని సంతోషిస్తాడు."

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు ఒక ఆశ పుట్టింది. నూటయాభై మంది వింటే సరిపోతుందా? పై ఆఫీసుల్లో చదువుకున్నవాళ్లుంటారు. వాళ్లలో ఒక్కరైనా 'ఎవరీ రచయిత?' అని అడగకపోతారా? ఆఫీసు కాగితం ఏదైనా పైవాళ్లకు చేరే దారి నాకు తెలిసినంతవరకు ఒక్కటే. అందుకని పత్రం అడుగున, "ప్రతులు: ప్రాంతీయ కార్యాలయమునకు, రాష్ట్ర ముఖ్య కార్యాలయమునకు, సమాచార నిమిత్తము" అని చేర్చాను.

"సన్మాన పత్రానికి ప్రతులేంటయ్యా?" అన్నారావిడ.

"పెద్దవాళ్లు చదువుతారనండీ."

"చదివితే మెచ్చుకుంటారనా? వాళ్లు మెచ్చుకోడానికి చదవరయ్యా" అన్నారు. అన్నారే గానీ, నా మొహం చూసి జాలిపడి కార్బన్ కాగితాలు పెట్టి కొట్టారు. అడుగున 'ప్రతులు' అని కనబడితే చదవకుండా సంతకం పెట్టడం సీతాపతిరావుగారికి అలవాటు. అలాగే పెట్టారు. తపాలా గుమాస్తా నంబరు వేశాడు.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. నేను పత్రం చదువుతుంటే పేర్రాజుగారు శాలువా అంచుతో కళ్లొత్తుకున్నారు. అద్దం బిగించిన పత్రాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని రిక్షా ఎక్కారు. కంగారులో తువ్వాలు కుర్చీ మీదే మర్చిపోయారు.

మూడు వారాలకు రత్నమాణిక్యంగారి ప్రమోషన్ ప్రతిపాదన తిరిగొచ్చింది. దానికి ప్రాంతీయ కార్యాలయంవారి మెమో గుచ్చి ఉంది.

"విషయము: హెడ్ క్లర్కు పోస్టు భర్తీ చేయుటకు వీలు లేకపోవుటను గురించి. సదరు పోస్టునందలి లోటు ఎన్నటికీ తీరనిదని, ఆ ఆసనమును అలంకరింపగలవారు నేడు లేరని, రేపు పుట్టబోరని మీ కార్యాలయమే సంతకముతో ధ్రువీకరించి యున్నది. అట్టి స్థితిలో శ్రీమతి రత్నమాణిక్యముగారి పేరును ప్రతిపాదించుటలోని ఔచిత్యము బోధపడుటలేదు. సర్వీసు రిజిస్టరును బట్టి ఆమె ఇదివరకే పుట్టియున్నట్లు తేలుచున్నది. కావున ఆమె 'నేడు లేరు' అను తరగతి క్రిందకు వచ్చును. ప్రతిపాదన తిరస్కరించడమైనది."

నేను సీతాపతిరావుగారి గదిలోకి పరిగెత్తాను.

"అది ఊరికే పొగడ్తండీ. రిటైరయ్యే ప్రతివాళ్లకూ అలాగే రాస్తారండీ. నిజం కాదని ఒక్క ముక్క రాసి పంపితే సరిపోతుందండీ."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "దాని కింద నా సంతకముందా లేదా?"

"ఉందండీ."

"నంబరు పడిందా లేదా?"

"పడిందండీ."

"మరి? నంబరు పడిన అబద్ధం కింద నేను సంతకం పెట్టానని నన్నే రాయమంటావా? ఆఫీసు నుంచి వెళ్లిన కాగితం నిజం. అంతే. కావాలంటే లోటు పరిశీలించమని అడుగుదాం" అన్నారు.

అడిగాం. ఫిబ్రవరిలో ముగ్గురు సభ్యులతో లోటు నిర్ధారణ కమిటీ వచ్చింది. చైర్మన్ దక్షిణామూర్తిగారు. ఆయన జీపు దిగుతూనే, "లోటు ఎక్కడ?" అని అడిగారు. ఏం చూపించాలో తెలియక పేర్రాజుగారి కుర్చీ చూపించాం. ముగ్గురూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒక సభ్యుడు టేపు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. పరిశీలన పూర్తయ్యేదాకా సాక్ష్యం చెదరకూడదని కుర్చీని తువ్వాలుతో సహా తెల్ల నాడాతో కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. హాజరు పట్టీలో మాత్రం దానికి గైరుహాజరు వేయవద్దన్నారు.

ఆ తర్వాత నా రచనను వాక్యం వెంట వాక్యం పట్టుకుని రత్నమాణిక్యంగారిని పరీక్షించారు. అందులో రాసిందంతా ఆవిడ చేయగలిగితే లోటు తీరినట్టు. సూర్యోదయానికి పూర్వం అన్నారు గనక వారం రోజులు ఆవిడ తెల్లవారకుండానే వచ్చి నిలబడ్డారు. వాచ్‌మన్ ఎనిమిదింటికి గానీ గేటు తీయడు. "విచ్చేసినది గాని, ప్రవేశింపలేదు" అని రాసుకున్నారు.

"మీకు బిడ్డలెందరు?" అని అడిగారు చైర్మన్‌గారు.

"ఇద్దరండీ."

"జిల్లాలో తూములెన్ని?"

"నాలుగు వందల పన్నెండండీ."

దక్షిణామూర్తిగారు సభ్యుల వైపు చూసి తలపంకించారు. "కన్నబిడ్డల సంఖ్యకు, తూముల సంఖ్యకు గణనీయమైన వ్యత్యాసము గలదు" అని చెప్పి రాయించారు.

"మరి పేర్రాజుగారికి ఒక్కతే కూతురు కదండీ" అన్నాను, ఉండబట్టలేక.

"పేర్రాజుగారి విషయము ధ్రువీకృతము. ధ్రువీకృతమైన విషయమును పునఃపరిశీలించు అధికారము ఈ కమిటీకి లేదు" అన్నారాయన.

ఇక మిగిలింది వరద గోదావరి. ఫిబ్రవరిలో వరద లేనందున ఆ పరీక్షను ఆగస్టుకు వాయిదా వేసి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక సభ్యుడు నన్ను పక్కకు పిలిచి, "'ఒదిగి నడిచెడిది' అన్న ప్రయోగం బాగుందయ్యా" అన్నాడు. నా రచన మీద నేను విన్న మొదటి విమర్శ అదే. సిగ్గులేకుండా ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను.

సాయంత్రం మిషను ముందు కూర్చున్న రత్నమాణిక్యంగారిని చూశాక ఆ సంతోషం పోయింది. ఆవిడ వేళ్లకు అంటిన కార్బన్ తుడుచుకుంటూ, "ఆగస్టు దాకా ఆగుతాలే. డిసెంబరు మాత్రం ఆగదు" అన్నారు.

మర్నాడు ఒక కాగితం రాసుకుని పేర్రాజుగారింటికి వెళ్లాను. 'నా సన్మాన పత్రములోని విషయములు పొగడ్తలే గాని వాస్తవములు కావు' అని అందులో ఉంది. ఆయన సంతకం పెడితే చాలు. స్వయంగా ఆయనే కాదన్నాక కమిటీ మాత్రం ఏం చేస్తుంది?

ముందు గదిలో పత్రం తగిలించి ఉంది. పైన చిన్న బల్బు పెట్టించారు. పేర్రాజుగారు నన్ను చూసి పొంగిపోయి, "ఏవేయ్, రాసిన అబ్బాయొచ్చాడు, కాఫీ ఇయ్యి" అని కేకేశారు. నాచేత పత్రం మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివించుకున్నారు. లోపలి నుంచి ఆయన భార్య గ్లాసు తెచ్చి పెడుతూ అంది: "ఈ మధ్య తెల్లారకుండానే లేస్తున్నారు బాబూ. ఆఫీసు గేటు దాకా నడిచెళ్లి, కాసేపు నిలబడి వస్తున్నారు. ఏంటండీ ఇదంటే, రాశారు కదే, ఒక్కనాడైనా నిజం చెయ్యాలి కదా అంటారు."

నేను కాగితం బయటికి తీశాను. ఆయన చదివారు. ఉద్యోగంలో చేరాక ఆయన ఒక కాగితాన్ని నిజంగా చదవడం అదే మొదటిసారేమో. చాలాసేపు పట్టింది.

"నేనేంటో నాకు తెలీదనుకున్నావా అబ్బాయీ? ముప్పై నాలుగేళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఏం చేశానో నాకే తెలుసు. కానీ మా మనవరాలు ఇది కంఠతా పట్టి బళ్లో అప్పజెప్పిందిరా. మా తాతయ్య కలం కదిపితే గోదారి ఆగేదంట అని. ఇప్పుడు అదంతా అబద్ధమని నా చేత్తో నన్నే రాయమంటావా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

రత్నమాణిక్యంగారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ మిషను ఆపారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషికి ఆరోజు కోపం వచ్చింది.

"ఆయన పరువు నిలబడింది. బాగుంది. మరి నాదేంటయ్యా? ఆయన చెయ్యని పనికి అద్దం కట్టించారు. నేను చేసినదానికి సంతకం పెట్టుకునే యోగ్యత లేదా నాకు?"

జవాబు కోసం చూడకుండా ఆవిడ మిషను మళ్లీ మొదలుపెట్టారు.

ఆగస్టులో వరద వచ్చింది. కమిటీ కూడా వచ్చింది. రత్నమాణిక్యంగారిని కాలవ గట్టు మీద పెద్ద తూము దగ్గర గొడుగు కింద నిలబెట్టి, చేతికి కాగితం, కలం ఇచ్చారు. "కదిలించండి" అన్నారు దక్షిణామూర్తిగారు. ఆవిడ కదిలించారు. నీళ్లు వినలేదు. రెండు రోజుల తర్వాత వాటంతట అవే తగ్గాయి. "వరద తగ్గినమాట వాస్తవము. కలము వలన తగ్గినదా, వాన వెలియుట వలన తగ్గినదా అను విషయము ఇదమిత్థముగా తేలలేదు" అని రాసుకుని వెళ్లారు. ఆవిడ ఆ కాగితం మీద ఏం రాశారో నేను చూశాను. తన పేరు రాసుకున్నారు, అంతే. తడిసి సగం చెరిగిపోయింది.

నవంబరు చివర్లో నివేదిక వచ్చింది. నలభై పేజీలు. చివరి పేజీలో తేల్చింది ఇది: "శ్రీ పేర్రాజుగారి నిష్క్రమణానంతరము పదమూడు మాసములలో ఈ కార్యాలయము నుండి వెడలవలసిన ఉత్తరములన్నియు సకాలములో, దోషరహితముగా వెడలియున్నవి. అనగా లోటు కనబడుటలేదు. లోటు తీరనిదను ధ్రువీకరణ యథాతథముగా అమలులో నుండును. అయితే అట్టి లోటు లేదు. లేని లోటును తీర్చుటకు పోస్టు అనవసరము. కావున హెడ్ క్లర్కు పోస్టు ఇందుమూలముగా రద్దు చేయడమైనది."

ఆ ఉత్తరాలన్నీ వేళకు వెళ్లింది ఆవిడ వల్లే. ఆవిడ ఆ పదమూడు నెలలూ చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే లోటు కనబడేది, పోస్టు బతికేది. సర్వీసంతా ఆవిడ ఒక్క ఉత్తరం ఆలస్యం చేయలేదు, ఆ పదమూడు నెలలూ చేయలేదు. పోస్టు రద్దు ఉత్తర్వు అందిందని జవాబు రాసింది కూడా ఆవిడే. తప్పు లేకుండా టైపు కొట్టి, సంతకానికి లోపలికి పంపారు.

డిసెంబరు ముప్పై ఒకటిన ఆవిడ సన్మానం. పత్రం రాయమని సీతాపతిరావుగారు మళ్లీ నన్నే పిలిచారు. నేను మొహం చెల్లక తటపటాయిస్తుంటే ఆవిడే వచ్చి, "రాయవయ్యా. నువ్వే రాయి. కానీ ఉన్నదే రాయి. ప్రతులు మాత్రం వెయ్యకు" అన్నారు.

చేత్తోనే రాశాను. తన సన్మాన పత్రం తననే టైపు కొట్టమని ఎలా అడుగుతాను? ఒక్క విశేషణం వాడలేదు. సాయంత్రం సభలో లేచి చదివాను.

"రత్నమాణిక్యంగారు రోజూ పదీ ఇరవై అయిదుకు వచ్చారు. పన్నెండేళ్లుగా ఈ ఆఫీసు నుంచి వెళ్లిన ప్రతి ఉత్తరమూ వారే రాశారు. కింద సంతకాలు ఇతరులవి. పోయిన ఏడాది నేను అడిగానని ఒక కాగితం కింద రెండు ప్రతులు టైపు చేశారు. వారి సర్వీసులో జరిగిన పొరపాటు అదొక్కటే. అది నాది."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సీతాపతిరావుగారు తన పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చూసుకుంటున్నారు.

రత్నమాణిక్యంగారు లేచారు. మాట్లాడతారనుకున్నాం. ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్లి, కత్తెర తీసుకుని, మూలనున్న పేర్రాజుగారి కుర్చీ నాడా పుటుక్కున కత్తిరించారు. లక్క ముక్కలు నేల మీద పడ్డాయి.

"అమ్మా, అది సీలు వేసిన కుర్చీ" అన్నారు సీతాపతిరావుగారు.

"అయిదు దాటిందండీ. ఇప్పుడు నేను మీ స్టాఫు కాదు" అన్నారావిడ.

ముందు వరసలో కూర్చున్న పేర్రాజుగారు లేచారు. ఏం గొడవ చేస్తారోననుకున్నాను. ఆయన తలొంచుకుని కుర్చీ దగ్గరికి వెళ్లి, ఏడాది దుమ్ము పట్టిన తువ్వాలు మెల్లగా తీసి చంకలో పెట్టుకున్నారు. "ఇది నాదమ్మా, తీసేస్తున్నాను. కూర్చో" అన్నారు.

ఆవిడ కూర్చున్నారు. నా చేతిలోని పత్రం ఇమ్మని చెయ్యి చాపారు. కలం తీసుకుని దాని అడుగున, సంతకం ఉండే చోట, నిదానంగా సంతకం పెట్టారు. మడిచి సంచిలో పెట్టుకుని, అందరికీ నమస్కారం చేసి, ఇంటికి వెళ్లిపోయారు.

వారం తర్వాత ప్రాంతీయ కార్యాలయం నుంచి మెమో వచ్చింది. "శ్రీమతి రత్నమాణిక్యముగారి సన్మాన పత్రపు ప్రతి ఈ కార్యాలయమునకు అందలేదు. పూర్వపు ఆనవాయితీ ప్రకారము ప్రతి రావలసి యుండగా రాలేదు గావున, సదరు శ్రీమతిని గురించి చెప్పుకొనదగినది ఏమియు లేదని భావించవచ్చునా?"

జవాబు రాయమని సీతాపతిరావుగారు కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు. నిజం రాస్తే దానికి నంబరు పడుతుంది, కమిటీ వేస్తారు, ఆవిడ ఇంటికి వెళ్లి సంచిలోని కాగితం అడుగుతారు. నా పాత్ర ఏమిటో ఈసారి నాకు తెలుసు. ఒకే ఒక్క మాట రాసి సంతకానికి పంపాను.

"భావించవచ్చును."

నేను రాసినవాటిలో పై అధికారులు ఒక్క అక్షరమైనా ఆక్షేపించకుండా అంగీకరించింది అదొక్కటే. ఆ తర్వాత నలభై ఏళ్లు కథలు రాశాను గానీ, అంత పెద్ద అబద్ధం మళ్లీ నాచేత కాలేదు.